బ్యాగు దెబ్బను ఆపుతది, బరువును ఆపదు

మొన్న పక్కూరి తమ్ముడొకడు ఫోన్ చేసిండు. "అన్నా, సెకండ్ హ్యాండ్ల ఆర్చ్‌టాప్ గిటార్ కొన్న. దానికి మంచి దళసరి బ్యాగు కావాలె. ఏది కొనాల్నో లింకు పెట్టు సాలు" అన్నడు. నేను లింకు పెట్టలే. "ముందుగాల టేపు తీసుకొని గిటార్‌ను కొలువు, అటెన్క మాట్లాడుదాం" అన్న. పిలగానికి జర కోపమచ్చినట్టే ఉన్నది. ఆ కోపం నాకు తెలుసు. నాలుగేండ్ల కింద నాకెవరన్న గిట్ల చెప్పి ఉంటే నేను సుత కోపానికే వద్దును. కాని 12,000 రూపాయలు మిగిలేటియి.

నా ముచ్చట చెప్త. మాది సిద్దిపేట దిక్కు పల్లె. పెండ్లిళ్లకు, కాలేజీ ఫంక్షన్లకు గిటార్ వాయిస్త. సికింద్రాబాద్ లాలాగూడల ఒక పెద్దాయన పాత గిటార్ అమ్ముతున్నడని తెలిసి పోయిన. రైల్వేల నౌకరి చేసి రిటైరైన మనిషి. వయసుల ఉన్నప్పుడు డాన్సు బ్యాండ్ల వాయించిండట. వేళ్లు మాట వింటలేవు, అందుకే అమ్ముతున్న అన్నడు. పేరున్న అమెరికా గిటార్ గాదది. కాని పైపలక చెక్కి చేసిందే, కొలతలు సుత పెద్ద గిటార్ కొలతలే. 38,000కు బేరం కుదిరింది, అందుల సగం అప్పే. గిటార్‌తోని వచ్చిన గట్టి పెట్టెను మాత్రం ఎన్నడో చెదలు తిన్నయట. "ఎట్లన్న చేసి మంచి పెట్టె చూస్కో బాబూ" అన్నడు పెద్దాయన. నేను తలూపి బయటికచ్చిన.

పెట్టెకు పైసలు లేవు. తొవ్వల ఒక దుకాణంల బ్యాగు అడిగిన. దుకాణమాయన గిటార్ దిక్కు ఒక్కసారి చూసి "జంబో బ్యాగు తీస్కో, ఏనుగునైన పెట్టొచ్చు" అన్నడు. వేలు పెట్టి నొక్కి చూస్తే మెత్తగ, దుప్పటి లెక్క ఉన్నది. లోపల పెట్టి జిప్పు గుంజితే నడుమ కాడ జర పట్టింది గని పడ్డది. అటెన్క జేబీఎస్‌ల బస్సెక్కిన. మస్తు రష్షు. గిటార్‌ను డ్రైవర్ పక్కన బానెట్ మీద పడుకోబెట్టిన. బ్యాగు దళసరిగ ఉన్నది గదా, ఏమైతది అనుకున్న. నడుమ ఎక్కడనో ఎవరో ఉల్లిగడ్డ సంచి తెచ్చి దాని మీద పెట్టిన్రు. పెట్టినోళ్ల తప్పు గాదది, లోపల ఏమున్నదో వాళ్లకేం ఎరుక. ప్రజ్ఞాపూర్ దాటినంక స్పీడ్ బ్రేకర్ కాడ 'టిక్కు' మని చిన్న చప్పుడైంది. గంతే.

ఇంటికి పోయి విప్పి చూస్తే బ్రిడ్జి పక్కకు జరిగి పడ్డది. దాని కాలు ఉన్న కాడ పైపలక మీద కట్టె నారల వెంట జానెడు పగులు. మెడ పదిలం, తల పదిలం, పక్కలకు గీత సుత పడలే. బ్యాగుకు కూడ ఏం కాలే. హైదరాబాద్‌ల రిపేరు చేసేటాయన లోపలి నుంచి చిన్న చిన్న కట్టె బిళ్లలు అతికించి పగులు మూసిండు. ఎఫ్ ఆకారం బొక్కలకెల్లి చెయ్యి లోపలికి పోదు, అన్ని వంకర పుల్లలతోని, అద్దం పెట్టుకొని చెయ్యాలె, అందుకే కూలి ఎక్క అన్నడు. 12,000 తీసుకున్నడు. అంతకన్న పెద్ద దెబ్బ ఏందంటే, మాఘమాసం ముహూర్తాలన్ని గిటార్ రిపేర్ల ఉండంగనే అయిపోయినయ్. అప్పుకు మిత్తి మాత్రం ఆగలే. మా బాపు డప్పు కొడతడు. "ముప్పయ్యేండ్ల సంది ఉత్త భుజం మీద ఏసుకొని తిరిగిన, నా డప్పు పలగలే. నీది దుప్పట్ల సుట్టినా పలిగె" అన్నడు. ఆ రోజు నాకు జవాబు దొరకలే. మెల్లగ దొరికింది, అదే గీడ రాస్తున్న.

ఆర్చ్‌టాప్ అంటే పైపలక సపాటుగ కాకుండ వయొలిన్ లెక్క నడుమ ఉబ్బి ఉంటది. అమెరికాల మిషిగన్ రాష్ట్రం కలమజూ ఊర్ల ఆర్విల్ గిబ్సన్ అనేటాయన మాండలిన్లను, గిటార్లను గిట్ల చెక్కుడు మొదలువెట్టిండు. ఆయన పేరు మీద 1902ల కంపెనీ పడ్డది. 1922ల అదే కంపెనీ ఎల్-5 అనే గిటార్ తెచ్చింది. గుండ్రటి బొక్క తీసేసి వయొలిన్‌కు ఉన్నట్టు రెండు ఎఫ్ బొక్కలు పెట్టిన్రు. ఎందుకంటే ఆ రోజులల్ల బ్యాండ్ల నడుమ గిటార్‌కు మైకు లేకుండె. బాకాల చప్పుడు నడుమ గిటార్ వినవడాలంటే పలక గట్టిగ కొట్టాలె. మన దేశంల సుత దీన్ని ఒళ్లె పడుకోబెట్టుకొని రాగాలు వాయించినోళ్లున్నరు. బ్రిజ్ భూషణ్ కాబ్రా హిందుస్తానీ సంగీతానికి ఈ తీరు గిటార్‌నే పట్టిండు. విశ్వమోహన్ భట్ చేతుల ఉండే మోహన్ వీణ ఆర్చ్‌టాప్‌నే మార్చి చేసుకున్నది. దానితోనే రై కూడర్‌తోని కలిసి 1994ల గ్రామీ తెచ్చుకున్నడు.

ఇగ అసలు ముచ్చట. మామూలు సపాటు గిటార్‌కు బ్రిడ్జి పలకకు అతికించి ఉంటది. ఆర్చ్‌టాప్‌కు అతికించరు. తీగలు ఒక కొసకు తల కాడ, ఇంకో కొసకు కింద తోక లెక్క ఉండే టెయిల్‌పీస్‌కు కట్టి ఉంటయ్. నడుమ బ్రిడ్జి ఉత్తగ నిలవడి ఉంటది, తీగలు దాన్ని కిందికి ఒత్తి పడతయ్, అందుకే నిలుస్తది. ఆరు తీగల గుంజుడు కలిపితే 70 కిలోల దాకా ఉంటది. అదంత పలక మీదికి రాదు, కొంత భాగమే బ్రిడ్జి కాళ్లకెల్లి కిందికి దిగుతది. చెక్కినాయన ఆ ఉబ్బును ఆ ఒత్తిడికి లెక్క గట్టి చెక్కిండు. దాని మీద ఉల్లిగడ్డ సంచి బరువుకు లెక్క గట్టలే.

బ్యాగు మీద పెట్టిన బరువు ఎటు పోతదో చూడుండ్రి. గిటార్ మొత్తంల అన్నిటికన్న ఎత్తున ఉన్నది బ్రిడ్జి. బ్యాగు పైబట్ట ముందుగాల దానికే తగుల్తది. బరువంత రెండు చిన్న కట్టె కాళ్లకెల్లి పలకల గుచ్చుకుంటది. మెత్త ఎంత దళసరిగ ఉన్నా బరువుకు అణిగిపోతది, అణిగినంక అది ఉత్త బట్టనే. దెబ్బ వేరు, బరువు వేరు. దెబ్బ క్షణంల అయిపోతది, మెత్త దాన్ని మింగుతది. బరువు గంట సేపు కూసుంటది. ప్రజ్ఞాపూర్ దాకా కూసున్నట్టు.

మనూర్ల దుకాణాలల్ల దొరికే అగ్గువ గిటార్లు, కలకత్తా దిక్కుకెల్లి వచ్చేటియి, వాటిల్ల సుత చానా వాటికి బ్రిడ్జి అతికించి ఉండదు, కింద టెయిల్‌పీస్ ఉంటది. పైపలక సపాటుగనే ఉంటది గని బ్రిడ్జి ముచ్చట ఇదే. కాబట్టి ఆర్చ్‌టాప్ లేదు నాకేంది అనుకోకుండ్రి. మీ గిటార్‌ను ఒక్కసారి తిప్పి చూసుకోండ్రి.

కొలతల కాడికి వద్దాం. ఇంట్ల దర్జీ టేపు ఉన్నా సాలు. కింది గుండ్రటి భాగం ఎక్కడ ఎక్క వెడల్పు ఉన్నదో ఆడ అడ్డంగ ఒకటి. తల కొస నుంచి కింద బెల్టు గుండీ దాకా పొడుగు ఒకటి. పక్క పట్టీ మందం ఒకటి. ఈ మూడు అందరు కొలుస్తరు. నాలుగోది ఎవరూ కొలువరు, ప్రాణం మాత్రం దాంట్లనే ఉన్నది. గిటార్‌ను సాప మీద ఎల్లెలుకల పడుకోబెట్టి, బ్రిడ్జి మీద స్కేలు అడ్డంగ పెట్టి, నేల నుంచి ఆ స్కేలు దాకా ఎత్తు కొలువాలె. నాది వెడల్పు 17 ఇంచులు, పొడుగు 43, పక్క పట్టీ మూడున్నరకు జర తక్కువ. బ్రిడ్జి కాడ మాత్రం అయిదున్నర దాటింది. ఎనుక పలక సుత ఉబ్బే ఉంటది గదా, అటు కొంత, ఇటు కొంత, మీద బ్రిడ్జి.

అంటే అంచుల కాడ మూడున్నర, నడుమ అయిదున్నర. జంబో బ్యాగు సపాటు గిటార్ కోసం కుట్టింది, అంచు కాడ, నడుమ దాదాపు ఒక్క తీరే ఉంటది. దాంట్ల ఆర్చ్‌టాప్ పెడితే అంచుల కాడ వదులు, నడుమ బిగుతు. అంచులు వదులైతే గిటార్ లోపల ఊగుతది. నడుమ బిగుతైతే బ్రిడ్జి నొక్కుకుంటది. నాకు ఆ రోజు జిప్పు నడుమ కాడ పట్టింది అన్న గదా, ఆ పట్టుడే బ్రిడ్జి చెప్పిన మాట. నేను విననే లేదు.

పేర్లను చూసి మోసపోకుండ్రి. డ్రెడ్‌నాట్ అని రాసిన బ్యాగు పదిహేనున్నర ఇంచుల చిల్లర వెడల్పు ఉండే గిటార్‌కు. 17 ఇంచులది దాంట్ల పట్టదు, పట్టించినా పక్కలు ఒత్తుకుంటయ్. సెమీ హాలో అని రాసింది ఇంకో తీరు. 1958ల వచ్చిన ఈఎస్-335 లాంటి సన్నటి గిటార్లకు కుట్టింది అది, వాటి పక్క పట్టీ రెండు ఇంచులు సుత ఉండదు. రెండింటికి ఎఫ్ బొక్కలుంటయ్, ఫోటోల ఒక్కతీరుగనే కొడతయ్. ఆన్‌లైన్ల కొనేటప్పుడు లోపలి కొలతలు రాసి ఉన్నయా చూడుండ్రి, బయటి కొలతలతోని మనకు పని లేదు. లోపలి లోతు రాయనోని దగ్గర కొనకుండ్రి. అడిగితే చెప్పకపోతే అసలే వద్దు.

మెత్త ముచ్చట. 20 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్లు అని పెద్ద అక్షరాలతోని రాస్తరు. మందం ఒక్కటే చూస్తే నా లెక్కనే అయితది. సోఫాల వాడే స్పాంజి బొటనేలుతోని నొక్కితే అడుగు తగుల్తది. చెప్పుల అడుగున వాడే ఈవీఏ, లేకుంటే టీవీ, ఫ్రిజ్ డబ్బాలల్ల వచ్చే తెల్ల ఫోమ్ షీటు, నొక్కితే జర దిగి ఆగిపోతది, ఇడిసిపెడితే లేస్తది. 10 మిల్లీమీటర్ల గట్టి షీటు, దాని లోపల దిక్కు 10 మిల్లీమీటర్ల మెత్తటిది, ఈ రెండు కలిసినది 25 మిల్లీమీటర్ల ఉత్త స్పాంజి కన్న నయం. గట్టిది దెబ్బను నాలుగు దిక్కులకు పంచుతది, మెత్తది గిటార్‌ను ఆనుకొని ఉంటది. దుకాణంల బ్యాగును ఖాళీగ నిలవెట్టి చూడుండ్రి. తనంత తాను నిలవడితే లోపల ఏదో ఉన్నట్టు. బట్ట లెక్క కూలితే ఉత్త స్పాంజి.

మెడ కాడ ఇంకో పరీక్ష. ఈ తీరు గిటార్ల తల ఎనుకకు వంగి ఉంటది, గిబ్సన్ పద్ధతిలనైతే 17 డిగ్రీల దాకా. గిటార్ ఎల్లెలుకల పడ్డదంటే దెబ్బ తలకే తగుల్తది, ఇరిగేది తలకు మెడకు నడుమ సన్నగ ఉన్న కాడ. అందుకే మంచి బ్యాగులల్ల మెడ కింద ఒక దిండు ఉంటది, తల గాలిల ఆగుతది. గిటార్ పెట్టి బ్యాగును నేల మీద పండుకోబెట్టి, తల కింద బయటికెల్లి నొక్కి చూడుండ్రి. చేతికి సందు తగలాలె. తల వచ్చి నేరుగ తగిలితే దిండు లేనట్టే. పాత టవల్‌ను గట్టిగ చుట్టి, మెడ నడుమకెల్లి తల మొదలు దాకా కింద పెట్టినా పని జరుగుతది. అడుగున, బెల్టు గుండీ ఉన్న కాడ సుత గట్టి ముక్క ఉండాలె. బస్టాండ్ల బ్యాగును నేల మీద నిలవెట్టినప్పుడల్ల ఆ గుండీ మీదనే బరువు.

జిప్పు పెద్ద పండ్లది చూస్కోండ్రి, రెండు పట్టీలు ఎనుక పలకకు నాలుగు కుట్ల మీద ఉండాలె, జేబుల ముచ్చట మీ ఇష్టం. పై జేబుల మాత్రం ట్యూనరు, వైర్ల బొంగరం పెట్టి నింపకుండ్రి. ఆ జేబు సరిగ్గ బ్రిడ్జి మీదికే వస్తది.

లోపలి బట్ట గురించి ఒక మాట. పాత గిటార్ల మీద మెరుపు కోసం నైట్రోసెల్యులోజ్ లక్క కొడతరు. కొన్ని రబ్బర్లు, వినైల్, రెగ్జిన్ దానికి దినాలకొద్ది ఆనుకొని ఉంటే లక్క మెత్తవడి మరక పడ్తది, ఒక్కోసారి అంటుకుంటది. లోపల మఖమల్ బట్టో, ఉన్ని లాంటి మెత్త బట్టో ఉండాలె. రెగ్జిన్ బయటకే.

బాపు డప్పుకు, నా గిటార్‌కు తేడా నాకు ఎండకాలంల తెలిసింది. డప్పు గడ్డి మంట కాడ కాగితేనే పలుకుతది, తోలు బిగుస్తది. గిటార్‌కు ఆ వేడి విషం. ఎండల ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుడు పెద్ద ముచ్చట గాదు. పాత గిటార్లను తోళ్లు ఉడికించి తీసిన బంకతోని అతికించేటోళ్లు, గంత వేడికి ఆ బంక మెత్తవడ్తది. నేను పెట్టిన బానెట్ కింద ఇంజనుండె, ఆ ముచ్చట తలుసుకుంటే ఇప్పటికీ సిగ్గే. నల్ల బ్యాగు ఎండను ఇంకా గుంజుకుంటది. ఎండకాలం పొద్దుగాల పోవుడు, నీడకు పెట్టుడు, ఇంతే మందు. ఎండలు ముదిరినప్పుడు గాలి పొడిగయి కట్టె ముడుచుకుంటది, చెక్కిన పలకకు పగుళ్లు వచ్చే కాలం సుత అదే.

ఇగ నేనేం చేసిన్నో చెప్త. రిపేరు అయినంక కొత్త బ్యాగు పిరమైంది కొనే తాకత్తు లేకుండె. సిద్దిపేటల మోటర్ సైకిళ్ల సీటు కవర్లు కుట్టేటాయన కాడికి పాత జంబో బ్యాగే పట్టుకొని పోయిన. ఆయన నవ్విండు, "గిటార్‌కు సీటు కవరా?" అని. కొలతలు రాసిన కాయితం చూపెట్టంగనే పనిల పడ్డడు. బ్యాగు పైదిక్కు కుట్లిప్పి లోపలి స్పాంజి తీసేసినం. ఫ్లెక్సీలు కొట్టే దుకాణంల సన్‌బోర్డ్ ముక్క తెచ్చి, గిటార్ ఆకారానికి కోసి, పై మూతల పెట్టినం. సన్‌బోర్డ్ కింద, బ్రిడ్జికి దూరంగ, అంచుల పొంటి రెండించుల ఎత్తు ఫోమ్ పట్టీ కుట్టిండు. ఇప్పుడు పైకెల్లి ఎవరన్న నొక్కితే బరువు సన్‌బోర్డ్ మీద పడి, ఫోమ్ పట్టీకెల్లి గిటార్ అంచులకు దిగుతది. బ్రిడ్జి మీద వేలెడు సందు ఉంటది. అంచుల కింద పక్క పట్టీ నిలువుగ ఉంటది, నడుమ పలక మోయలేని బరువు అది మోస్తది. పక్కలకు ఇంకో ఫోమ్ పట్టీ, ఊగుడు ఆగింది. కూలి, సామాను కలిపి 1,400 అయింది.

సందు ఉన్నదా లేదా చూసుడు అల్కగనే. గోధుమపిండి ముద్ద చిన్నది చేసి, ప్లాస్టిక్ కాయితంల చుట్టి, బ్రిడ్జి మీద పెట్టి, జిప్పు మూసి, మూత మీద రెండు చేతులతోని ఒత్తి, మళ్ల విప్పి చూడాలె. ముద్ద అణిగి ఎంత మందం మిగిలిందో అంతే సందు. మొదటిసారి నాది చపాతీ అయింది. ఇంకో పట్టీ ఏపిచ్చిన.

గిటార్‌ను బ్యాగుల పెట్టేటప్పుడు తీగలన్ని పూరా ఇప్పకుండ్రి. పూరా వదిలితే బ్రిడ్జి పడిపోతది, పడి పలక మీద గీరుకుంటది. ఒక్క మెట్టు దించితే సాలు. తీగల కింద, బ్రిడ్జికి అటు ఇటు మెత్తటి నూలు బట్ట పెట్టుండ్రి. టెయిల్‌పీస్ కింద సుత, అది ఇనుముది, ఊగితే పలకను కొరుకుతది. బ్రిడ్జి ఎక్కడున్నదో ముందుగాలనే ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండ్రి. జరిగితే ఇట్ల చూడాలె: మెడ మొదట్ల తీగలు ఆనే ముక్క నుంచి 12వ ఫ్రెట్ దాకా ఎంతున్నదో, ఆడ నుంచి బ్రిడ్జి దాకా సుమారు అంతే ఉండాలె, దొడ్డు తీగల దిక్కు జర ఎక్క. నాది పన్నెండు ముప్పావు ఇంచులు. అటెన్క 12వ ఫ్రెట్ మీద తీగను ఉత్తగ ముట్టి మోగిచ్చిన స్వరం, ఒత్తి మోగిచ్చిన స్వరం ఒక్కటి కావాలె. ఒత్తిన స్వరం ఎక్క పోతే బ్రిడ్జిని తోక దిక్కు జరపాలె, తక్కువుంటే మెడ దిక్కు.

గంత చేసినా బ్యాగు బ్యాగే. మనిషి ఎంబడి, మనిషి ఒళ్లె పోయే గిటార్‌కు అది సాలుతది. బస్సు డిక్కీల, లారీల సౌండ్ బాక్సుల నడుమ, రైలు లగేజీ డబ్బల ఏసేదుంటే గట్టి పెట్టెనే కావాలె. అది అయిదారు కిలోలుంటది, మోటర్ సైకిల్ మీద మోసుడు కష్టం, అయినా అదే. నేనైతే బస్సుల రష్షు ఉంటే ఎనుక బస్సు దాకా ఆగుత. సీటు దొరికితే గిటార్‌ను తొడల నడుమ నిలవెట్టి, మెడ భుజానికి ఆనిచ్చుకొని కూసుంట. నిలవడాల్సి వస్తే బ్యాగును ముంగటికి తిప్పుకుంట. వీపు మీద ఉంటే మనకు తెల్వకుండనే తల పోయి బస్సు తలుపుకు తాకుతది.

పక్కూరి తమ్ముడు నిన్న కొలతలు పంపిండు. వెడల్పు 16, బ్రిడ్జి కాడ ఎత్తు అయిదుంబావు. రెండు లింకులు సుత పంపిండు, ఇదా అదా అని. ఒకదాంట్ల లోపలి లోతు రాసి లేదు. ఇంకోదాంట్ల నాలుగున్నర అని రాసి ఉన్నది. రెండూ వద్దు, ఆయివారం సిద్దిపేటకు రా, సీటు కవర్లాయన కాడికి పోదాం అన్న. బాపు పక్కన్నే కూసొని అంత ఇన్నడు. "గా మిగిలిన రెగ్జిన్ ముక్కతోని నా డప్పుకొక సంచి కుట్టుమను, వానకాలం తోలు తడుస్తున్నది" అన్నడు.